చిట్టెలుక సెంట్రోమియర్ చుట్టూ ఉన్న శాటిలైట్ డీఎన్ఏని ల్యాప్‌టాప్‌లోనే విప్పి చూడ్డం ఎలా

ఎచ్చెర్ల క్యాంపస్‌లోనూ విజయనగరంలోనూ పీజీ జువాలజీ, బయోటెక్ చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకే. సెంట్రోమియర్ మీద, అంటే కణం విడిపోయేటప్పుడు దారాలు వచ్చి క్రోమోజోమ్‌ని పట్టుకునే చోటు మీద, సెమినార్ ఇచ్చారంటే అందరూ ఒకటే నాలుగు ముక్కలు బట్టీ పడతారు, హెటిరోక్రొమాటిన్, ఏటీ రిచ్, రిపిటీటివ్, జీన్స్ ఉండవు, అయిపోయింది. అక్కడ ఉండేది శాటిలైట్ డీఎన్ఏ, అంటే ఒకటే ముక్క వేల సార్లు వరసగా రిపీట్ అయ్యేది, చిట్టెలుకలో దానికి ముఖ్యంగా మేజర్, మైనర్ అని రెండు రకాలు, క్రోమోజోమ్ కొసనేమో టెలోమియర్ అంటాం. తరవాత ఎవరైనా మేడం లేచి "అయితే మేజర్ శాటిలైట్ ముందా మైనర్ ముందా, ఏది టెలోమియర్ వైపు" అని అడిగితే నోట్లోంచి మాట రాదు. బట్టీ వల్ల రాదు మరి, ఒక్కసారి ఏ, టీ, జీ, సీ అక్షరాలు మీరే లెక్కపెట్టుకుంటే చచ్చినా మర్చిపోరు, నేను చెప్పేది అదే.

కావాల్సినవి ఏటంటే ఒక ల్యాప్‌టాప్, ఎంత పాతదైనా పర్లేదు, నోట్‌ప్యాడ్, కాస్త నెట్, ఒక గ్రాఫ్ పేపర్ల ప్యాడ్. ల్యాబ్ అక్కర్లేదు, ఎలుకా అక్కర్లేదు. ఇంట్లో బోనులో పడ్డదాన్ని పట్టుకొచ్చి డీఎన్ఏ తీద్దాం అనే ఉత్సాహం ఉన్నవాళ్లు ఆగండి, ఎథిక్స్ పర్మిషన్ సంగతి అలా ఉంచితే మన బియ్యం బస్తాల దగ్గర తిరిగే పెద్ద ఎలుక రాటస్, పొలం గట్ల మీద బొరియలు తవ్వేది పందికొక్కు, అవేవీ మస్ మస్కులస్, అంటే మన చిట్టెలుక, కాదు, వాటి శాటిలైట్ వేరు, ఈ లెక్కలేవీ దానికి సరిపోవు.

ముందు ఖాళీని చూడండి

యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ ఓపెన్ చేసి మౌస్ ఎంచుకోండి, జీనోమ్ వెర్షన్ ఎంఎం10 అయినా సరే ఎంఎం39 అయినా సరే, క్రోమోజోమ్ 1 మొదటికి వెళ్లండి. 1 నుంచి మొదలుపెట్టి సీక్వెన్స్ చూడమంటే ఏం కనిపిస్తది? ఎన్ ఎన్ ఎన్ ఎన్ ఎన్. ఎన్ అంటే అక్కడ ఏ అక్షరం ఉందో తెలీదని. ముప్పై లక్షల ఎన్‌లు. క్రోమోజోమ్ 2 కి వెళ్లినా అంతే, 3 కీ అంతే, ఆటోజోమ్ (ఎక్స్, వై కాని క్రోమోజోమ్) ఏది తెరిచినా మొదటి 3 మెగాబేస్‌లు (ఆ ముప్పై లక్షల అక్షరాలు) ఎన్‌లే. చాలామంది ఇది చూసి నెట్ స్లోగా ఉందేమో పేజీ లోడ్ అవ్వలేదేమో అనుకుంటారు, కాదు, అది పెట్టిన ఖాళీ. ఎలుక క్రోమోజోముల్లో సెంట్రోమియర్ ఒక చివరనే ఉంటది, టీలోసెంట్రిక్ అంటాం కదా, కాబట్టి బొమ్మలో మొదలే సెంట్రోమియర్, అక్కడి సీక్వెన్స్‌ని అతికించలేక 3 మెగాబేస్‌లు అని ఒక గుండు అంకె వేసి ఒగ్గేశారు. నిజంగా అక్కడ ఉన్నది అంతకంటే చాలా ఎక్కువ.

ఎందుకు అతికించలేకపోయారో అర్థమైతే సగం సబ్జెక్ట్ అయిపోయినట్టే. ఆముదాలవలస స్టేషన్‌లో గూడ్స్ బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీంచి మీకు రెండే వ్యాగన్లు కనిపిస్తే, అవి పదో పదకొండో లేక నలభయ్యో నలభై ఒకటో చెప్పగలరా, అన్నీ ఒకటే రకం, ఒకటే ముఖం పెట్టి ఉంటాయి. చిన్న రీడ్‌లతో, అంటే ఒక్కోసారి చదివే చిన్న ముక్కలతో, సీక్వెన్స్ చేసినప్పుడు జరిగింది ఇదే. ఈ మధ్య లాంగ్ రీడ్‌లు వచ్చాక టెలోమియర్ నుంచి టెలోమియర్ దాకా పూర్తి చేసిన ఎలుక అసెంబ్లీలు వచ్చాయి, అయితే మొదటిసారి నేర్చుకునేవాళ్లు వాటిలోకి దిగొద్దు, ఫైళ్లు భారీగా ఉంటాయి, మన డేటా ప్యాక్ అయిపోతది, ఒక్క యూనిట్ చాలు మన పనికి.

మేజర్ శాటిలైట్: 234 అక్షరాలు

ఎన్‌సీబీఐ న్యూక్లియోటైడ్‌లో మౌస్ మేజర్ శాటిలైట్ అని కొట్టండి, కొన్ని చోట్ల గామా శాటిలైట్ అని ఉంటది, రిపీట్‌మాస్కర్ భాషలో జీశాట్_ఎంఎం, మూడూ ఒకటే, కంగారు పడకండి. 234 బేస్ పెయిర్ల కన్సెన్సస్, అంటే కాపీలన్నిటి ఉమ్మడి రూపం, తెచ్చి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇది తోకకి తల తగిలించుకుంటూ పోయే రిపీట్ కాబట్టి దానికి అసలు మొదలంటూ లేదు, ఒక్కొక్క రికార్డు ఒక్కో చోట మొదలవుతది. మీరు కంట్రోల్ ఎఫ్ కొట్టి జీజీఏసీసీ అనే ఐదక్షరాలు వెతకండి, అక్కడ కోసి దాని ముందున్న ముక్కని తీసి చివర అతికించండి. జీజీఏసీసీ దొరక్కుండా జీజీటీసీసీ దొరికిందంటే మీ దగ్గరున్నది ఎదురు పోగు, ఏదైనా ఆన్‌లైన్ టూల్‌లో రివర్స్ కాంప్లిమెంట్ చేసి మళ్లీ రండి.

ఇప్పుడు 58 అక్షరాల తర్వాత ఎంటర్, తర్వాత 60 కి ఎంటర్, మళ్లీ 58 కి ఎంటర్, మిగిలింది 58. నాలుగు లైన్లూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఫాంట్‌ని అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండేదానికి మార్చి, మొదటి పదిహేను అక్షరాలు చూడండి:

జీజీఏసీసీ టీజీజీఏఏ టీఏటీజీజీ
జీజీఏసీజీ టీజీఏఏఏ టీఏటీజీజీ
జీజీఏసీజీ టీజీజీఏఏ టీఏటీజీజీ
సీజీఏసీటీ టీజీఏఏఏ ఏఏటీజీఏ

చూశారా, 234 అని మనం ఒక యూనిట్ అనుకునేది లోపల మళ్లీ నాలుగు చిన్న యూనిట్లు. మొదటి మూడూ దాదాపు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి, నాలుగోది బాగా చెదిరిపోయింది, అయినా చుట్టరికం తెలుస్తానే ఉంది. ఇంకా లోపలికి పోతే ఆ 58, 60 లు కూడా 28, 30 అక్షరాల ముక్కలుగా విడిపోతాయి, దానికీ వెనక జీఏఏఏఏఏ అని మొదలయ్యే తొమ్మిదక్షరాల ముక్కలు ఉండేవని 1981 లో హోర్జ్, ఆల్టెన్‌బర్గర్ సీక్వెన్స్ చేసినప్పుడు చెప్పారు. అంటే చిన్న ముక్క డబుల్ అయ్యి, అది చెడి, మళ్లీ డబుల్ అయ్యి, ఇలా పెరిగింది. ఈ నాలుగు లైన్ల బొమ్మ ఒక్కటి స్లైడ్‌లో పెడితే చాలు, మిగతా థియరీ అంతా దాన్ని చూపిస్తా చెప్పొచ్చు.

దీని మీదే రెండు లెక్కలు చేయండి. మొదటిది, జీలూ సీలూ కలిపి లెక్కపెట్టండి, కన్సెన్సస్‌లో 86 వస్తాయి, మిగతా 148 ఏలూ టీలూ, అంటే 63 శాతం. ఏటీ రిచ్ అంటే ఇదీ, నోటి మాట కాదు. సీజియం క్లోరైడ్‌లో తిప్పినప్పుడు మెయిన్ డీఎన్ఏ 1.70 దగ్గర ఆగితే ఇది 1.69 దగ్గర విడిగా ఒక చిన్న బ్యాండ్‌గా ఎందుకు తేలిందో ఈ లెక్కలోనే ఉంది, ఆ పక్కన తేలిన బ్యాండ్ వల్లే 1961 లో దీనికి ఉపగ్రహం పేరు తగిలింది. రెండోది, లైన్లు కలిపేసి సీజీ అని వెతకండి, 8 చోట్ల దొరకాలి. మిథైలేషన్, అంటే సీ మీద మిథైల్ గ్రూపు పడడం, జరిగేది ఈ 8 దగ్గరే. ఈ 8 గుర్తుపెట్టుకోండి, మైనర్ దగ్గర పనికొస్తది.

మైనర్ శాటిలైట్: 120 అక్షరాలు

ఇది చిన్నది, గానీ అసలు మేనేజర్ ఇదే. 120 అక్షరాల యూనిట్ తెచ్చుకుని అందులో ఏటీటీసీజీ అని వెతకండి, అక్కడి నుంచి 17 అక్షరాలు రంగు వేయండి: ఏటీటీసీజీటీటీజీజీఏఏఏసీజీజీజీఏ. ఇదే సెన్ప్-బి బాక్స్, సెన్ప్-బి ప్రోటీన్ వచ్చి కూర్చునే చోటు. మేజర్ యూనిట్‌లో ఇది వెతకండి, ఉండదు. తర్వాత మొత్తం 120 లో సీజీ ఎన్ని ఉన్నాయో చూడండి, రెండే రెండు, ఆ రెండూ ఎక్కడున్నాయో తెలుసా, మీరు రంగేసిన ఆ 17 అక్షరాల్లోనే! మేజర్‌లో 8 చెల్లాచెదురుగా ఉంటే ఇక్కడ ఉన్న రెండూ బాక్స్ లోపలే. అక్కడ మిథైల్ గ్రూపు పడితే ప్రోటీన్ పట్టు మీద ప్రభావం పడుతుందని అందుకే అంత చర్చ. మైనర్ శాటిలైట్‌ని మిథైలేట్ చేసే పనిలో డీఎన్ఎంటీ3బి ఎంజైమ్‌దే ముఖ్య పాత్ర అని 1999 లోనే తేలింది, వైవాలో డీఎన్ఎంటీ3ఏ కి 3బి కి తేడా అడిగితే ఈ ఉదాహరణ పడేయండి.

మనిషి సెంట్రోమియర్‌లో ఉండే ఆల్ఫా శాటిలైట్ 171 అక్షరాలు. దాంట్లోనూ సెన్ప్-బి బాక్స్ ఉంటది, మిగతా సీక్వెన్స్ మాత్రం దీనితో కలవదు. మన నోట్సుల్లో చాలావాటిలో మనిషి బొమ్మ వేసి ఎలుక పేరు రాసేస్తారు, అది చూసి మోసపోకండి.

డాట్ ప్లాట్

మేజర్ యూనిట్‌ని పదిసార్లు పక్కపక్కనే పేస్ట్ చేసి, దాని చివర మైనర్ యూనిట్ పదిసార్లు పేస్ట్ చేసి, ఆ మొత్తాన్ని దాంతోనే పోల్చి, అక్షరాలు కలిసిన చోటల్లా చుక్క పెట్టే డాట్ ప్లాట్ వేయండి, ఎంబాస్ వాళ్ల ఆన్‌లైన్ టూల్ ఉంది, ఫ్రీ. తెరమీద ఏటవాలు గీతలు వరసగా వస్తాయి, మేజర్ గడిలో గీతకీ గీతకీ మధ్య దూరం 234, మైనర్ గడిలో 120, రెంటికీ మధ్య గడి దాదాపు ఖాళీ. విండో సైజు, అంటే ఒక్కోసారి పోల్చే అక్షరాల సంఖ్య, మరీ చిన్నది పెడితే ఏల గుంపులన్నీ కలిసిపోయి మసి పట్టినట్టు వస్తది, అప్పుడు పెంచండి. మేజర్ గడిలోనే విండో కాస్త తగ్గించి, కొన్ని తప్పులు ఒప్పుకునేలా పెట్టి చూస్తే పెద్ద గీతల మధ్య 58, 60 దూరంలో సన్నటి విరిగిన గీతలు బయటపడతాయి, ఇందాకటి నాలుగు లైన్ల సంగతే ఇక్కడ బొమ్మగా కనపడుతుంది, నాకు మాత్రం ఇదంతటిలో ఇదే ఇష్టం.

టాండమ్ రిపీట్స్ ఫైండర్‌లో వేస్తే పీరియడ్ 234 అని చెప్తది, ఒక్కోసారి 468 అని కూడా ఇంకో లైన్ ఇస్తది, అది కొత్త రిపీట్ కాదు, రెండు యూనిట్లని కలిపి ఒకటిగా లెక్కేసింది అంతే. బ్లాస్ట్ (డేటాబేస్‌లో సీక్వెన్స్ వెతికే టూల్) చేసేవాళ్లు ఫిల్టర్ టిక్కులు తీసేయడం మర్చిపోకండి, లేకపోతే అది రిపీట్ చూసి మూసేసి ఏమీ దొరకలేదు అంటది.

ఇప్పుడు గ్రాఫ్ పేపర్

ఇది బద్ధకించకుండా చేయాల్సింది, ఎందుకంటే పుస్తకంలో బొమ్మలు స్కేల్‌కి ఉండవు, మేజర్ మైనర్ రెండూ చెరో అంగుళం వేసేస్తారు. మీరు 1 సెంటీమీటరుకి 100 కిలోబేస్‌లు (లక్ష అక్షరాలు) అని పెట్టుకోండి. ఎడమ చివర టెలోమియర్. దాని పక్కన టీఎల్‌సీ అనే ఇంకో చిన్న శాటిలైట్, యూనిట్ సుమారు 145 అక్షరాలు, తెగిపోయిన లైన్-1 (జీనోమ్‌లో గెంతే డీఎన్ఏ) ముక్కతో సహా టెలోమియర్ నుంచి మైనర్ దాకా ఉన్న దూరం మొత్తం 2 నుంచి 11 కిలోబేస్‌ల మధ్యే, మన స్కేల్‌లో అది ఒక మిల్లీమీటరు, పెన్సిల్ గీత మందం. తర్వాత మైనర్ శాటిలైట్, ఎలుక జాతిని బట్టి క్రోమోజోమ్‌ని బట్టి మారుతుంది గానీ 600 కిలోబేస్‌లు అనుకోండి, 6 సెంటీమీటర్లు. దాని తర్వాత మేజర్, సుమారు 6 మెగాబేస్‌లు, అంటే 60 సెంటీమీటర్లు, ఒక పేపర్ చాలదు, రెండు మూడు అతికించుకోవాలి. ఆ తర్వాత జీన్స్ ఉన్న మామూలు క్రోమోజోమ్. క్రోమోజోమ్ 1 మొత్తం ఇదే స్కేల్‌లో వేయాలంటే 195 మెగాబేస్‌లకి 19 మీటర్ల పైనే కావాలి, క్లాస్‌రూమ్ గోడ చాలదు, దాన్ని బాణం గుర్తు పెట్టి ఆపేయండి.

భాగహారం కూడా చేసేయండి. 60 లక్షలని 234 తో భాగిస్తే 25 వేల పైచిలుకు కాపీలు, 6 లక్షలని 120 తో భాగిస్తే 5 వేలు. ఒక్క క్రోమోజోమ్‌కే. అన్నిట్లో కలిపితే జీనోమ్‌లో 5 శాతం పైనే మేజర్ శాటిలైట్, మైనర్ ఒక శాతం కూడా లేదు. మైనర్, మేజర్ కలిసే సరిహద్దు దగ్గర కాపీలు అంత శుభ్రంగా ఉండవు, నడిమధ్యలో ఉన్నవి ఒకదానికొకటి బాగా కలుస్తాయి, అంచు దగ్గరవి చెడి ఉంటాయి, కాబట్టి బొమ్మలో అక్కడ గీత గట్టిగా గీయకుండా చుక్కలు పెట్టండి.

బొమ్మ మీద ప్రోటీన్లు వేసేటప్పుడు రెండు రంగులు చాలు. మైనర్ మీద సెన్ప్-ఏ (సెంట్రోమియర్‌కే ప్రత్యేకమైన హిస్టోన్) ఉన్న న్యూక్లియోసోములు, కైనెటోకోర్ కట్టేది అక్కడే, దారాలు వచ్చి లాగేది అక్కడే. మేజర్ మీద హెచ్3 హిస్టోన్ మీద కె9 ట్రైమిథైలేషన్ అనే గుర్తు, దాన్ని పట్టుకుని హెచ్‌పీ1 ప్రోటీన్, అది పెరిసెంట్రోమియర్, సిస్టర్ క్రోమాటిడ్‌లు విడిపోయే టైం వచ్చేదాకా వాటిని అతుక్కుని ఉండేలా చూసుకునే పని దానిది. మేజర్ అంటే ముఖ్యమైనది, మైనర్ అంటే అంత ముఖ్యం కాదు అనుకుంటే బోల్తా పడతారు, ఆ పేర్లు ఎంత ఉంది అన్నదాన్ని బట్టి పెట్టినవి.

దీన్ని కళ్లతో చూడాలంటే నెట్‌లో ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణానికి డాపీ (డీఎన్ఏకి పట్టే నీలం రంగు) వేసిన ఫొటో ఒకటి, మనిషి కణం డాపీ ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. మనిషి న్యూక్లియస్ దాదాపు ఒకే నీలంగా ఉంటే ఎలుకది నీలం మీద గట్టిగా మెరిసే మచ్చలతో ఉంటది. అవే క్రోమోసెంటర్లు. డాపీకి ఏటీ అంటే ఇష్టం, ఇందాక మీరు లెక్కేసిన 63 శాతం ఇక్కడ వెలుగుతోంది. 40 క్రోమోజోములున్నా మచ్చలు 40 ఉండవు, ఎందుకంటే నాలుగైదు క్రోమోజోముల మేజర్ శాటిలైట్లు ఒక దగ్గర చేరి ఒక మచ్చ అవుతాయి, మైనర్ మాత్రం ఆ మచ్చ అంచున విడివిడి చుక్కలుగా ఉంటది. ఫిష్ (మెరిసే ప్రోబ్ అతికించి చూడ్డం) చేసిన ఫొటో దొరికితే ఇది ఇంకా బాగా తెలుస్తది. 1970 లో పార్డ్యూ, గాల్ రేడియోయాక్టివ్ ప్రోబ్‌తో ఇదే పని చేసి శాటిలైట్ డీఎన్ఏ సెంట్రోమియర్ల దగ్గరే ఉందని చూపించారు.

ల్యాబ్ ఉన్నవాళ్లకి

మీ డిపార్ట్‌మెంట్‌లో జెల్ ట్యాంకు పనిచేస్తూ, కొన్న మౌస్ జీనోమిక్ డీఎన్ఏ ఫ్రీజర్‌లో ఉంటే, కరెంటు మధ్యలో పోదని నమ్మకం ఉన్న రోజు చూసుకుని ఏవా-టూ ఎంజైమ్‌తో కోయండి. దాని సైట్ జీజీఏసీసీ, లేదా జీజీటీసీసీ. పైన నాలుగు లైన్లలో మొదటి లైన్‌కి మాత్రమే ఐదో అక్షరం సీ ఉంది, మిగతావాటిలో లేదు, అందుకే 234 కి ఒక్కసారే కోస్తది. జెల్ మీద మామూలు స్మియర్ మధ్యలో 234 దగ్గర గట్టి బ్యాండ్, 468 దగ్గర కాస్త తక్కువ, 702 దగ్గర ఇంకా తక్కువ, నిచ్చెన మెట్లలా వస్తాయి. పై మెట్లు ఎందుకొచ్చాయి అంటే కొన్ని కాపీల్లో ఆ సైట్‌లో ఒక అక్షరం మారిపోయి ఎంజైమ్ దాటేసింది. ఎడ్విన్ సదరన్ 1975 లో ఎలుక శాటిలైట్ మీద ఇకో ఆర్-టూ తో ఇదే నిచ్చెన చూపించాడు, ఆ ఎంజైమ్ సైట్ సీసీటీజీజీ, మొదటి లైన్‌లో నాలుగో అక్షరం నుంచి చదవండి, ఏవా-టూ సైట్‌లో సగం మీదే కూర్చుని ఉంది.

ఎక్స్‌ట్రా ప్రశ్నలకి

వై క్రోమోజోమ్‌కి ఇదేదీ వర్తించదు, దాని మీద మేజర్ శాటిలైట్ లేదు, మైనర్ లాంటిది ఉన్నా బాగా తేడాగా ఉంటది. చుట్టమే అయిన మస్ స్ప్రెటస్‌లో లెక్క తిరగబడింది, అక్కడ మైనర్ ఎక్కువ, మేజర్ తక్కువ, కాబట్టి ఈ పేర్లని వేరే జాతికి గుడ్డిగా తగిలించకండి.

రాబర్ట్‌సోనియన్ ఫ్యూజన్, అంటే రెండు క్రోమోజోములు సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఒకటవడం, అడిగితే మీ గ్రాఫ్ పేపరే తీయండి. రెండు క్రోమోజోముల బొమ్మలు ఎదురెదురుగా పెట్టి టెలోమియర్, టీఎల్‌సీ వైపు కత్తిరించండి, కోత మైనర్ శాటిలైట్ లోపల పడాలి. అన్ని క్రోమోజోముల్లోనూ రిపీట్లు ఒకటే దిక్కుకి తిరిగి ఉంటాయి, ఒకేలా ఉంటాయి, టెలోమియర్ నుంచి దూరం చూస్తే ఒక మిల్లీమీటరే, పోయేదీ పెద్దగా ఏం లేదు, అందుకే ఎలుకల్లో ఇది అంత తేలిగ్గా జరుగుతుందని అనుకుంటారు. రెండు ముక్కలూ అతికిస్తే నడుమ మైనర్, రెండు పక్కలా మేజర్ ఉన్న మెటాసెంట్రిక్, అంటే సెంట్రోమియర్ నడుమ ఉండే క్రోమోజోమ్, వస్తది. స్విట్జర్లాండ్‌లో పోస్కియావో లోయ ఎలుకల్లో ఇలాంటి జతలు ఏడు ఉన్నాయి, 40 క్రోమోజోముల బదులు 26 ఉంటాయి. 40 లోంచి 14 ఎలా పోయాయో బోర్డు మీద లెక్క వేసి చూపించండి, ఒక్కో కొత్త జతకి పాత జతలు రెండు కావాలి కాబట్టి ఒక్కో ఫ్యూజన్ జతకి రెండు చొప్పున తగ్గుతాయి, ఏడు రెళ్లు పద్నాలుగు. క్రోమోజోమ్ చేతులు మాత్రం ఏవీ పోలేదు, కావాలంటే లెక్కపెట్టమని అడిగినవాళ్లకే పేపర్ ఇచ్చేయండి.